నిన్నెందుకు రాలేదు?

పిల్లల పేర్లు దాదాపు అన్నీ బడి పట్టీల్లోకి ఎక్కేశాయి. పిల్లలే ఇంకా రోజూ బడిదాకా రావడం లేదు. రాని రోజున వాళ్లు ఎక్కడుంటున్నారు? తిరిగొచ్చిన రోజున మనం వాళ్లతో ఏమంటున్నాం?

పొద్దున తొమ్మిదిన్నర. ప్రార్థన అయిపోయింది. పిల్లలు వరసలో వచ్చి కూర్చున్నారు. మేడమ్ హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలుస్తోంది. "ప్రెజెంట్ మేడమ్", "ఉన్నాను మేడమ్", "ఎస్ మేడమ్". ఒకడు అరుస్తాడు, ఒకమ్మాయి గొణుగుతుంది, ఇంకొకడు పక్కవాడితో మాట్లాడుతూనే చెయ్యెత్తుతాడు. పదకొండో పేరు దగ్గర ఎవరూ పలకరు. మేడమ్ తలెత్తి చూసేలోపు వెనక నుంచి ఎవరో అందుకుంటారు: "వాళ్లు గుంటూరుకు పోయినారు మేడమ్."

ఇది ఆదోని పక్క బడి. గద్వాల వైపు బడిలో ఇదే చోట "క్రాసింగ్‌కు పోయింది సార్" అంటారు. విజయనగరం జిల్లాలో "తమ్ముడ్ని ఎత్తుకోడానికి ఉండిపోనాది" అంటారు. హైదరాబాదు కాన్వెంటులో పిల్లలెవరూ చెప్పనక్కర్లేదు. "పెళ్లికి ఊరెళ్తున్నాం మ్యామ్, త్రీ డేస్ లీవ్" అని తల్లి ముందే వాట్సాప్‌లో పెట్టేసి ఉంటుంది. "జ్వరం" అన్న మాటొక్కటే అన్ని జిల్లాల్లోనూ, అన్ని రకాల బడుల్లోనూ చెల్లుతుంది, నిజమైనా కాకపోయినా.

మేడమ్ ఆ గడిలో గైర్హాజరు గుర్తు వేసి పన్నెండో పేరుకు వెళ్లిపోతుంది. వెళ్లక తప్పదు, ఇంకా ఇరవై పేర్లున్నాయి. మనకా తొందర లేదు. కాసేపు ఆ పదకొండో గడి దగ్గరే ఆగుదాం.

పేరు బడిలో, పిల్ల పొలంలో

బడి ఈడు పిల్లల్లో ఎంతమంది బడిలో చేరారన్నది ఒకప్పుడు పెద్ద ప్రశ్న. ఇప్పుడది దాదాపు తీరిపోయింది. పల్లెల్లో ఇంటింటికీ తిరిగి పిల్లల చదువుల లెక్క తీసే ‘అసర్’ సర్వే 2024 నివేదిక చూడండి. దేశంలోని పల్లెల్లో 6 నుంచి 14 ఏళ్ల పిల్లల్లో 98.1 శాతం మంది పేరు ఏదో ఒక బడిలో ఉంది. దాదాపు ఇరవై ఏళ్లుగా ఈ అంకె 95కి తగ్గలేదు. అదే సర్వే వాళ్లు ప్రభుత్వ ప్రాథమిక బడులకు వెళ్లి ఆ రోజు ఎదురుగా కూర్చున్న తలలు లెక్కపెడితే మాత్రం 75.9 శాతమే తేలారు. 2018లో ఇది 72.4. పెరిగిన మాట నిజం. అయినా ఏ రోజు చూసినా నలుగురిలో ఒకరు లేనట్టే.

పేరు ఉండి పిల్ల లేకపోవడమనే ఈ వింతకు చట్టం కూడా ఒక కారణం, అదీ మంచి ఉద్దేశంతోనే. పాతకాలంలో వరసగా కొన్ని వారాలు రాకపోతే "పేరు కొట్టేశారు" అనేవారు. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం దాన్ని ఆపింది. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా పిల్లల్ని బడి నుంచి తీసేయకూడదంది. దాంతో పేరు పదిలంగా ఉంటోంది. పేరుగల పిల్ల ఆర్నెల్లుగా మిరప చేలో ఉన్నా కాగితం మీద ఆరో తరగతి విద్యార్థినే. మాస్టార్లు ఇలాంటి వాళ్లను "లాంగ్ ఆబ్సెంట్" అంటారు. ఆన్‌లైన్ లెక్కల్లో పై తరగతిలో ఎక్కడా తేలకపోతే ఆ పేరు ‘డ్రాప్‌బాక్స్’లో పడుతుంది.

అదే చట్టంలో ఇంకొక మాట ఉంది, మనం సరిగ్గా చదువుకోనిది. ‘ఉచిత నిర్బంధ విద్య’ అన్నప్పుడు నిర్బంధం ఎవరికి? పిల్లలకనీ, వాళ్లను పంపని తల్లిదండ్రులకనీ చాలామంది అనుకుంటారు. తల్లిదండ్రులకు చట్టం చెప్పింది బడిలో చేర్పించే బాధ్యత. నిర్బంధం మాత్రం ప్రభుత్వానికే పెట్టింది: పిల్లల్ని చేర్చుకోవాలి, రోజూ వచ్చేట్టు చూడాలి, ఎనిమిదో తరగతి దాకా పూర్తిచేయించాలి. చేరిక, హాజరు, పూర్తి. ఈ మూడింట్లో మొదటిదాని గురించే మనం డప్పు కొట్టుకుంటాం. జూన్‌లో బడిబాట ఊరేగింపులు జరుగుతాయి, ఫొటోలు పడతాయి. ఆగస్టులో ‘హాజరుబాట’ అని ఎవరూ ఊరేగగా చూడలేదు.

అరచేతిలో సరస్వతి

హాజరు గొడవ ఈనాటిది కాదు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో తన ఏలుబడిలో ఎన్ని బడులున్నాయో, ఎందరు చదువుతున్నారో లెక్కలు పంపమని కలెక్టర్లను అడిగాడు. బళ్లారి కలెక్టరు ఏ.డి. క్యాంప్‌బెల్ 1823 ఆగస్టులో పెద్ద జవాబే రాశాడు. 1816లో తెలుగు వ్యాకరణం అచ్చువేయించిన క్యాంప్‌బెల్ ఈయనే. అందుకే కాబోలు, అంకెలు పంపి ఊరుకోక వీధిబడి లోపల ఏం జరుగుతుందో కూడా రాశాడు.

పొద్దున ఆరింటికే బడి మొదలు. అందరికన్నా ముందొచ్చిన పిల్లవాడి అరచేతిలో గౌరవంగా సరస్వతి పేరు రాసేవారు. రెండోవాడి చేతిలో సున్నా చుట్టేవారు, అంటే మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగోవాడికి రెండు, ఆ తర్వాత వచ్చినవాడికల్లా ఒక్కోటి ఎక్కువ. చదవని వాళ్లకు పెద్ద శిక్షలుండేవి. చేతులు కట్టి ఇంటి కప్పు నుంచి వేలాడదీయడం అందులో ఒకటి. మన పెద్దలు ‘కోదండం’ అన్నది దీన్నే. గుంజీల సంగతి సరేసరి.

అదే నివేదికలో ఇంకొక లెక్క ఉంది. జిల్లా జనాభా తొమ్మిది లక్షల పైచిలుకైతే బడులు 533, వాటిలో చదివేవాళ్లు 6,641 మంది. ఇంత తక్కువేమిటన్నదానికి క్యాంప్‌బెల్ పిల్లల్ని తిట్టలేదు, సోమరితనమనలేదు. దేశం అంతకంతకూ బీదపడుతోందనీ, పిల్లల లేత చేతులకు ఏ కాస్త పని చేతనైనా ఇంటికి వాటి అవసరం పడుతోందనీ రాశాడు.

నాటి బళ్లారి జిల్లాలోవే ఆదోని, ఆలూరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఇవి బళ్లారి నుంచి విడివడి ఇటు వచ్చాయి. రెండు వందల ఏళ్ల తర్వాత "గుంటూరుకు పోయినారు మేడమ్" అన్న మాట వినిపిస్తున్నదీ ఆ నేల మీదే. జిల్లా పేరు మారింది, రాష్ట్రం మారింది, దొర పోయాడు. లేత చేతుల అవసరం పోలేదు.

పట్టీలో పంచాంగం

ఏ పంటకు ఎప్పుడు చేతులు కావాలో తెలుసుకోవడానికి వ్యవసాయ శాఖను అడగనక్కర్లేదు. ఆరో తరగతి హాజరు పట్టీ తిరగేస్తే చాలు.

జూన్ 12న బడులు తెరుస్తారు. కొత్త పుస్తకాల వాసనకు మొదటి వారం కళకళలాడుతుంది. ఆగస్టు వచ్చేసరికి గద్వాల, గట్టు, అయిజ వైపు పట్టీల్లో గడులు ఖాళీ అవడం మొదలవుతుంది. అది సీడ్ పత్తి ప్రాంతం. సంకర విత్తనం తయారుకావాలంటే సాయంత్రం పూట ఒక్కో మొగ్గనూ విప్పి అందులోని మగ భాగాన్ని గిల్లేయాలి. మర్నాడు పొద్దున వేరే రకం పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. ఇదే క్రాసింగ్. యంత్రంతో అయ్యే పని కాదు, ప్రతి పువ్వునూ చేత్తో ముట్టుకోవాలి, అదీ రెండు మూడు నెలలపాటు రోజూ. మొక్క పిల్లల ఎత్తే ఉంటుంది. పెద్దవాళ్లు రోజంతా నడుం వంచాలి, పిల్లలకు ఆ బాధ లేదు. వేళ్లు సన్నం, కూలి తక్కువ. బడికి పోవాల్సిన వేళా, పువ్వు విచ్చే వేళా ఒకటే.

దసరా సెలవుల తర్వాత పత్తి తీతలు. నవంబరు నుంచి ఇటుక బట్టీలు రాజుకుంటాయి. ఒడిశాలోని బలంగీర్, నువాపడ ప్రాంతాల నుంచి కుటుంబాలు తెలంగాణ బట్టీలకు దిగుతాయి. ఆ పిల్లలకు తెలుగు రాదు, మన బడికి ఒడియా రాదు. బట్టీల దగ్గరే ఒడియా పుస్తకాలతో నడిపిన ‘వర్క్‌సైట్’ బడులు ఈ చిక్కుకు దొరికిన మంచి దారుల్లో ఒకటి. బడికి పిల్లల్ని రప్పించడం మాని పిల్లలున్న చోటికే బడి నడిచి వెళ్లింది.

సంక్రాంతి ముగ్గులు చెరగకముందే కర్నూలు పడమటి మండలాల్లో సుగ్గి, అంటే కోతల వలస, మొదలవుతుంది. కోసిగి, మంత్రాలయం, పెద్దకడుబూరు ఊళ్ల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటాముల్లె కట్టుకుని గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకు బయల్దేరతాయి. ఇంటికి తాళం పడుతుంది. చంటిపిల్ల చంకలో, మేక తాడు చేతిలో, ఏడో తరగతి పిల్ల వెనకాల. అమ్మమ్మో నాయనమ్మో ఊళ్లో ఉన్న ఇంటి పిల్లలు కొంత నయం, బడి దక్కుతుంది. లేనివాళ్ల కోసమే సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్లు పెడతారు. తల్లిదండ్రులు సుగ్గి నుంచి వచ్చేదాకా పిల్లలకు తిండీ పడకా అక్కడే. ఆలోచన బంగారంలాంటిదే, అయితే తేదీ ముఖ్యం. బస్సు కదిలాక తెరిచిన హాస్టల్లో చేరేదెవరు?

మార్చిలో ఒంటిపూట బడులు. మన్యంలో అప్పుడే ఇప్పపువ్వు రాలుతుంది. తెల్లవారకముందే చెట్టు కిందికి చేరాలి, ఆలస్యమైతే పశువుల పాలు. వారం వారం సంత రోజు సరేసరి, ఆ రోజు ఊరే సంతలో ఉంటుంది. రెండేళ్లకోసారి మేడారం జాతరొస్తే చుట్టుపక్కల బడుల్లో బెంచీలు కూడా సమ్మక్క దగ్గరికి పోయాయేమో అనిపిస్తుంది.

ఇవన్నీ ముందే తెలిసిన తేదీలు. వాన ఎప్పుడొస్తుందో చెప్పలేకపోవచ్చు గానీ, ఏ ఊళ్లో ఏ నెలలో ఏ పిల్ల రాదో ఆ ఊరి మాస్టారు జూన్‌లోనే చెప్పగలడు. అడిగేవాళ్లే ఉండరు. 2024 డిసెంబరు 7న ఆంధ్రప్రదేశ్‌లోని ప్రభుత్వ బడులన్నిటా ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు ఘనంగా జరిగాయి. మంచి పనే. అయితే ఎవరితో ముందు మాట్లాడాలో ఆ తల్లిదండ్రులు అలాంటి రోజున కూడా పొరుగూరి చేలోనే ఉండే అవకాశం ఎక్కువ.

ఆడపిల్ల గడి

ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా బడి మానేది ఆడపిల్లే. అమ్మకు జ్వరమొస్తే వంట ఆమెది. అమ్మ కూలికి పోతే చంటిపిల్ల ఆమెది. చుట్టాలొస్తే నీళ్లు ఆమెవి. అన్న మాత్రం సంచి తగిలించుకుని బడికి పోతాడు, వాడు చదువుకోవాలి కదా. అంగన్‌వాడీ దగ్గరలో ఉండి, బడి వేళలకు సరిపడా తెరిచి ఉంటే అక్కకు బడి దక్కుతుంది. అంటే నాలుగో తరగతి పిల్ల హాజరు ఆమె బడి చేతిలో కన్నా తమ్ముడి అంగన్‌వాడీ చేతిలో ఎక్కువుంది. ఈ రెండూ రెండు వేర్వేరు శాఖలు, రెండు వేర్వేరు రిజిస్టర్లు.

ఏడు, ఎనిమిది తరగతులకు వచ్చేసరికి ఇంకొక గండం. పెద్దమనిషి అయిన పిల్లను తొమ్మిది రోజులో పదకొండు రోజులో కూర్చోబెడతారు, ఆ తర్వాత ఫంక్షను, చుట్టాలు. రెండు వారాలు ఇట్టే పోతాయి. ఆ పైన నెలనెలా బడిలో నీళ్లున్న మరుగుదొడ్డి ఉందా, తలుపుకు గడియ ఉందా అన్నదే హాజరును తేలుస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబరులో ‘స్వేచ్ఛ’ పేరుతో ఏడు నుంచి పన్నెండో తరగతి ఆడపిల్లలకు నెలకు పది న్యాప్‌కిన్లు ఇవ్వడం మొదలుపెట్టారు. వాటిని మార్చుకునే చోటు కూడా బడిలో ఉన్నప్పుడే ఆ పది పనికొస్తాయి.

మూడు కిలోల బియ్యం, ఒక వేడి ముద్ద

పిల్లల్ని బడికి రప్పించడానికి ప్రభుత్వాలు తిండినీ డబ్బునూ వాడి చూశాయి. రెండింటి కథలూ తెలుసుకోదగ్గవి.

1995 ఆగస్టు 15న కేంద్రం ఒక పథకం పెట్టింది. హాజరు 80 శాతం ఉంటే పిల్లకు నెలకు 3 కిలోల ధాన్యం. చాలా రాష్ట్రాలు వండి పెట్టకుండా గింజలే పంచాయి. మూడు కిలోల బియ్యం పోతుందంటే ఏ మాస్టారి చెయ్యి గైర్హాజరు గుర్తు వేస్తుంది? పిల్ల రాకపోయినా పట్టీలో వచ్చేది. తమిళనాడులో మాత్రం కామరాజ్ 1956 నుంచే బడిలో అన్నం పెట్టించడం మొదలుపెట్టారు, ఎం.జి.ఆర్. 1982లో దాన్ని విస్తరించారు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలూ వండిన భోజనమే పెట్టాలని ఆదేశించింది. మన ఉమ్మడి రాష్ట్రంలో 2003లో మొదలైంది.

గింజలకూ అన్నానికీ తేడా ఇక్కడే ఉంది. బియ్యం నెలకోసారి, అన్నం రోజూ. ఈ రోజు రాకపోతే ఈ రోజు ముద్ద పోయినట్టే. మధ్యప్రదేశ్‌లో ఆర్థికవేత్త ఫర్జానా అఫ్రీదీ చేసిన అధ్యయనంలో వండిన భోజనం వచ్చాక చిన్న తరగతుల ఆడపిల్లల హాజరు బాగా పెరిగినట్టు తేలింది. ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో ఆ భోజనానికి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలితో వచ్చినవాళ్లకు కాదనకుండా వడ్డించిన తల్లి పేరు కనుక అది అతికినట్టు ఉంది. తెలంగాణలో 2023 అక్టోబరులో పొద్దుటి అల్పాహారం కూడా మొదలుపెట్టారు. గుడ్డు పెట్టే రోజున వరస ఎందుకు పొడుగవుతుందో వంట చేసే అక్కకు ఏ సర్వే అక్కర్లేకుండానే తెలుసు.

ఇక డబ్బు. 2020 జనవరి 9న ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి మొదలైంది. ఏడాదికి 15,000 రూపాయలు తల్లి ఖాతాలో. దానికి 75 శాతం హాజరు షరతు ఉండేది. ప్రభుత్వం మారాక 2025లో తల్లికి వందనం పేరుతో ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ ఇస్తున్నారు. ఫీజుకో, సంచికో, అప్పుకో ఆ డబ్బు అక్కరకొస్తుంది, కాదనలేం. అయితే 75 శాతం అన్న గీతను ఒకసారి లెక్కకట్టండి. ఏడాదికి 220 పని దినాలైతే 165 రోజులొస్తే చాలు. 55 రోజులు రాకపోయినా ఆ పిల్ల లెక్కకు ‘రెగ్యులర్’. 55 పని దినాలంటే రెండు నెలల పైమాటే, సుమారుగా ఒక సుగ్గి. పైగా డబ్బు ముడిపడిన ఏ గడికైనా అబద్ధం చెప్పాలన్న ఒత్తిడి పెరుగుతుంది. అందులో దొంగతనం కన్నా జాలి ఎక్కువ. "పాపం, ఆ తల్లికి డబ్బు పోతుంది" అనుకుని వేసే ప్రెజెంట్ అది. ఆ జాలి వల్ల నష్టపోయేది కూడా ఆ పిల్లే. లేనిదాన్ని ఉన్నట్టు రాశాక ఇక ఆమెను వెతికేదెవరు?

తొంభై శాతం వెనక దాక్కున్నవాళ్లు

"మా బడిలో తొంభై శాతం హాజరండీ" అని హెచ్‌ఎం సంతోషంగా చెప్పారనుకోండి. మంచి అంకెలాగే వినిపిస్తుంది. తరగతిలో 30 మంది, ఏడాదికి 220 రోజులు. రోజుకు ముగ్గురు రాకపోతే ఏడాది మొత్తం మీద 660 గైర్హాజర్లు. ఇవి ఎవరెవరి ఖాతాలో పడ్డాయి? ఇరవై మంది తలా 11 రోజులు మానితే 220 అయ్యాయి. మిగిలిన 440 రోజులూ మిగిలిన పదిమంది మీద పడ్డాయి, తలా 44. అంటే ‘తొంభై శాతం’ తరగతిలో మూడోవంతు పిల్లలు దాదాపు రెండు నెలల బడి కోల్పోయారు. సగటు అబద్ధం చెప్పలేదు, వాళ్లను దాచేసిందంతే.

అమెరికాలో అందుకే తరగతి సగటు కాక పిల్లల్ని ఒక్కొక్కరిగా లెక్కకడతారు. ఏ కారణంతోనైనా సరే, ఏడాదిలో పదో వంతు రోజులు, అంటే 180కి 18 మానితే ఆ పిల్లను ప్రమాదపు జాబితాలో పెడతారు. కోవిడ్‌కు ముందు అక్కడ అలాంటివాళ్లు దాదాపు 15 శాతం, 2021–22లో 28 శాతానికి చేరారు. డిసెంబరులో టికెట్లు దొరికాయని పిల్లల్ని తీసుకుని ఇండియాకు వచ్చి సంక్రాంతి చూసుకుని వెళ్లే మన తెలుగువాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు. కొన్ని రాష్ట్రాల్లో వరసగా కొన్ని రోజులు రాకపోతే పేరు తీసేసి, తిరిగెళ్లాక మళ్లీ చేర్చుకోమంటారు. తాతగారి ఊళ్లో భోగిమంట చూడటమూ చదువేనని మనం వాదించవచ్చు. అక్కడి పట్టీ ఆ వాదన వినదు.

మన బడుల్లో ఇప్పుడు పట్టీతోపాటు ఫోనూ వచ్చింది. ఫొటో తీస్తే ముఖం గుర్తుపట్టి హాజరు వేసే యాప్‌లు తిరుగుతున్నాయి. సిగ్నల్ లేని ఊళ్లో మాస్టారు చెట్టెక్కాల్సి వచ్చినా, దొంగ హాజరు తగ్గితే మంచిదే. అయితే ఫోను వచ్చిన ముఖాన్నే గుర్తుపడుతుంది. రాని ముఖం గుర్తుకు రావాల్సింది మనిషికి.

క.సా.గు. చెప్పిన వారం

ఒకటో తరగతిలో గుణింతాలు అయ్యాక ఒత్తులు మొదలవుతాయి. సరిగ్గా ఆ పది రోజులూ పిల్లవాడు జ్వరంతో పడుకున్నాడనుకోండి. తిరిగొచ్చేసరికి తోటివాళ్లు ‘అమ్మమ్మ’, ‘అక్క’ చదివేస్తుంటారు, వాడు మాత్రం ‘అమమ’ అంటాడు. తరగతి గొల్లుమంటుంది. ఆరో తరగతిలో ఇదే కథ భిన్నాల దగ్గర. హారాలు వేరైతే క.సా.గు. కట్టి కూడాలని చెప్పిన వారం ఆ పిల్ల పత్తి చేలో ఉంది. వచ్చాక పలక మీద మూడో వంతుకూ నాలుగో వంతుకూ కూడిక ఇస్తే పైవి పైకీ కిందివి కిందికీ కూడి ఏడింట రెండు వంతులని రాసింది. "నెల రోజులు ఎక్కడ చచ్చావ్?" అని సార్ అడిగారు.

మర్నాడు ఆమె రాలేదు. ఈసారి పత్తి వల్ల కాదు.

బడి మానేయడం ఒక్క రోజులో జరగదు. మొదట ఇంటి అవసరంతో మానుతారు. రెండోసారి పాఠం అర్థంకాక. మూడోసారి సిగ్గుతో. నాలుగోసారి అలవాటుగా. ఇంటివాళ్లు అడిగితే "దానికి చదువు ఎక్కలేదు" అంటారు. ఎక్కే రోజుల్లో అది బడిలో లేదన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

భయం కూడా ఇందులో కలుస్తుంది. మా చిన్నప్పుడు ఎవరైనా బడి ఎగ్గొడితే మాస్టారు నలుగురు పెద్ద పిల్లల్ని పంపేవారు. వాళ్లు కాళ్లూ చేతులూ పట్టుకుని, కేకలు పెడుతున్నవాణ్ణి శవాన్ని మోసినట్టు మోసుకొచ్చి తరగతిలో పడేసేవారు. మేమంతా నవ్వేవాళ్లం. వాడెందుకు రానన్నాడో ఎవరమూ అడగలేదు. సోమవారం పొద్దున ఏడున్నరకు వచ్చి పదింటికల్లా తగ్గిపోయే కడుపునొప్పి తెలియని ఇల్లు తెలుగునాట లేదు. దాన్ని దొంగ నొప్పి అంటాం. ఎక్కాలు అప్పజెప్పలేని భయానికి కడుపులో నిజంగానే మెలిపెడుతుంది, నొప్పి అబద్ధం కాదు. కొట్టడాన్నీ, మనసు నొచ్చేలా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం నిషేధించింది. ఆ నిషేధం బెత్తానికి తెలిసినంతగా నాలుకకు ఇంకా తెలియలేదు.

కడుపు నిండి, దారి బాగుండి, బడి బాగుంటే ఈ బాధ పోతుందా అంటే జపాను వైపు చూడాలి. 2023–24లో అక్కడ జబ్బో పేదరికమో కారణం కాకుండానే 30 రోజులో అంతకు మించో బడి మానిన ప్రాథమిక, మాధ్యమిక పిల్లలు 3,46,482 మంది. మన కార్పొరేటు బడుల్లో ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్ మోస్తున్న పిల్లల తల్లిదండ్రులు ఈ అంకెను ఒకసారి చదువుకోవడం మంచిది.

మాస్టారు రాని రోజు

పిల్లల పట్టీ పక్కన ఇంకొక పట్టీ ఉంటుంది. 2003లో దేశమంతటా ప్రభుత్వ ప్రాథమిక బడులకు చెప్పకుండా వెళ్లి చూసిన ఒక పెద్ద అధ్యయనంలో నలుగురు టీచర్లలో ఒకరు బడిలో లేరు. ఇప్పుడు మెరుగైంది, 2024 ‘అసర్’లో టీచర్ల హాజరు 87.5 శాతం. రానివాళ్లంతా ఎగ్గొట్టినవాళ్లు కారు. శిక్షణలు, సర్వేలు, ఎన్నికల జాబితాలు, ఎంఈఓ ఆఫీసు పిలుపులు ఉంటాయి. కానీ పిల్లకు ఆ తేడా తెలియదు. రెండు కిలోమీటర్లు నడిచి వచ్చి తాళం చూసి వెనక్కిపోయిన పిల్ల మర్నాడు అంత పట్టుదలగా నడవదు. 2024–25 అధికారిక లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 12,900, తెలంగాణలో దాదాపు 5,000 బడులు ఒకే టీచరుతో నడుస్తున్నాయి. ఆ ఒక్కరికి జ్వరమొస్తే బడికే జ్వరం.

ఇంటికి నడిచి వెళ్లినవాళ్లు

1991లో రంగారెడ్డి జిల్లాలో మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ పని మొదలుపెట్టినప్పుడు అందరూ చెప్పిన మాట ఒకటే: బీదవాళ్లకు పిల్లల కూలి కావాలి, మీరేం చేయలేరు. హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతి శాస్త్రం చెప్పిన శాంతా సిన్హా, ఆమెతో నడిచిన ఊరి కుర్రాళ్లు ఆ మాట ఒప్పుకోలేదు. బడి బయట ఉన్న పిల్ల ఎవరైనా బాలకార్మికురాలే అన్నారు. పశువుల దగ్గరున్నా, తమ్ముణ్ణి ఎత్తుకున్నా అంతే. చదువు తప్పినవాళ్లను కొన్ని నెలలు శిబిరాల్లో ఉంచి చదివించి వయసుకు తగ్గ తరగతిలో కూర్చోబెట్టారు. పన్నెండేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుతో పారిపోతుందని వాళ్లకు తెలుసు. ఈ పద్ధతే తర్వాత విద్యాహక్కు చట్టంలో చోటు సంపాదించింది. శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమే మొదటి అధ్యక్షురాలు.

ఆ పనిలో పెద్ద రహస్యమేమీ లేదు. ఇంటికి వెళ్లారు. మళ్లీ వెళ్లారు. తల్లితో మాట్లాడారు, తండ్రితో పోట్లాడారు, పనిలో పెట్టుకున్న ఆసామితో బేరమాడారు. పిల్ల వచ్చాక కూడా కనిపెట్టుకుని ఉన్నారు.

ఇప్పటికీ అంతకు మించిన మందు లేదు. మొదటి రోజు రాకపోతే పక్కింటి పిల్లను అడగడం. రెండో రోజు ఫోను. మూడో రోజు ఇంటి గుమ్మం. మూడు రోజుల్లో పట్టుకుంటే అది గైర్హాజరు, ముప్పై రోజులు ఆగితే అది మానివేత. ఒంటరి టీచరు ఇదంతా మొయ్యలేడు. క్లస్టర్ రిసోర్స్ పర్సన్ (సీఆర్‌పీ), అంగన్‌వాడీ టీచరు, సచివాలయం ఉద్యోగి, పేరెంట్స్ కమిటీ ఛైర్మన్, ఎవరో ఒకరు ఆ గుమ్మం దాకా నడవాలి. కాగితాల మీద ఇంతమంది ఉన్నారు కదా.

దాచుకోవాల్సిన నాలుగు మాటలు

• వలస వెళ్లిన చోట కూడా పిల్లల్ని బడిలో చేర్చుకోవాల్సిందే. వలస కుటుంబాల పిల్లల చేరిక స్థానిక అధికారుల బాధ్యతని విద్యాహక్కు చట్టమే చెబుతోంది.

• టీసీ ఆలస్యమైందని ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని చేర్చుకోకుండా ఆపకూడదు.

• ప్రాథమిక తరగతులకు ఏడాదికి 200, ఆరు నుంచి ఎనిమిది తరగతులకు 220 పని దినాలు ఉండాలి. నెలకు రెండు రోజులు మానితే ఏడాదికి దాదాపు ఒక నెల బడి పోయినట్టు.

• పిల్ల హాజరు, చదువు ఎలా ఉన్నాయో తల్లిదండ్రులను పిలిచి చెప్పడం టీచరు విధుల్లో ఒకటి. పిలవకపోతే మనమే వెళ్లి అడగవచ్చు.

మళ్లీ పదకొండో పేరు

ఏప్రిల్ మొదటి వారం. ఒంటిపూట బడి. పదకొండో పేరు పిలిచేటప్పుడు మేడమ్ గొంతు అలవాటుగా కొంచెం తగ్గుతుంది, ఎలాగూ పలకరని. ఈసారి తలుపు దగ్గర నుంచి ఎవరో సన్నగా పలుకుతారు. గుంటూరు నుంచి రాత్రే దిగారు. జడ వదులుగా ఉంది, ముఖం నల్లబడింది. మూడు నెలలు మిరపకాయలు తుంచిన అరచేతులు ఇంకా మండుతుంటే లంగాకు రుద్దుకుంటోంది.

ఇప్పుడు మేడమ్ అడగాల్సిన ప్రశ్న ఒకటే, "నిన్నెందుకు రాలేదు?" నిజానికి నిన్న కాదు, మూడు నెలలుగా రాలేదు. ఆ మూడు అక్షరాల ‘ఎందుకు’ను నిలదీస్తున్నట్టు అనొచ్చు, దగ్గరికి పిలిచినట్టూ అనొచ్చు. రేపు ఆ పిల్ల వస్తుందా రాదా అన్నది ఆ గొంతులోనే తేలిపోతుంది.

రెండు వందల ఏళ్ల కిందట ఇదే సీమలో ముందొచ్చినవాడి అరచేతిలో సరస్వతి పేరు రాశారు, ఆఖరున వచ్చినవాడికి అందరికన్నా ఎక్కువ దెబ్బలు కొట్టారు. ముందొచ్చినవాడి ఇల్లు పక్కవీధిలో ఉండి ఉంటుంది. ఈ పిల్ల గుంటూరు నుంచి వచ్చింది. రాయడానికి అరచేయి చాపితే, ఇంకా మంటగానే ఉంటుంది, కాస్త మెల్లగా పట్టుకోవాలి.